కొండాపూర్‌లో హైలైట్స్ చేయించాం, ఒత్తు జుట్టు వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా

నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోసానో చివర్లో చెప్తా.

నేనూ మా చెల్లీ కలిసే వెళ్ళాం, ఇద్దరికీ ఒకే హనీ బ్రౌన్ కావాలని. దానిది సన్నగా జారిపోయే జుట్టు, నాది ఉంగరాలు, దువ్వెన దిగదు, వెంట్రుక కూడా మందం. స్టైలిస్ట్ అమ్మాయి షేడ్ కార్డ్ తియ్యకముందే మెహందీ పెడతారా, స్మూతెనింగ్ ఏమైనా చేయించారా అని అడిగి, మెడ వెనక నుంచి చిన్న పాయ కత్తిరించి దాని మీద టెస్ట్ చేసి చూసింది, నాకు అక్కడే సగం నమ్మకం వచ్చేసింది.

చెల్లికి బ్లీచ్‌లో 20 వాల్యూమ్ డెవలపర్ కలిపింది, అంటే 6 శాతం పెరాక్సైడ్, అయినా పక్కనే నిలబడి ఫాయిల్ విప్పడం, చూడడం, మళ్ళీ మూయడం, ఎందుకంటే సన్నటి జుట్టుకి బ్లీచ్ తొందరగా పట్టేస్తుందంట, కాస్త ఎక్కువసేపు ఉంచినా తడిపినప్పుడు రబ్బరులా సాగి తెగిపోతుందంట. కుదుళ్ళ దగ్గర మాత్రం ఇద్దరికీ అన్నిటికంటే ఆఖర్న పెట్టింది, మాడు వేడికి అక్కడ రంగు ముందే తేలిపోతుంది కాబట్టి.

నాది ఎర్రగా అయ్యి, తర్వాత ఆరెంజ్ దగ్గర మొండికేసింది. ఇంకా ఘాటైన 40 వాల్యూమ్ పెట్టి కానిచ్చేయొచ్చు కదా అన్నా. "మేడమ్, మందంగా ఉందని గట్టిది అనుకోకండి, ఉంగరం తిరిగే వంపు దగ్గరే తెగేది" అని ఆపేసి, ఆరెంజ్ కొట్టేయడానికి బ్లూ టోనర్ వేసింది. హనీ రాలేదు, కేరమెల్ వచ్చింది, ఎండలో మాత్రం సూపర్ ఉంది. ఇంకో రౌండ్ కొన్ని వారాలు ఆగి రమ్మంది.

పక్క కుర్చీలో ఒకావిడ హెన్నా మీద ఇండిగో (నీలి ఆకు పొడి) పెట్టే అలవాటు ఉందని చెప్పగానే బ్లీచ్ చెయ్యం అనేశారు, ఇండిగో మీద బ్లీచ్ పడితే ఆకుపచ్చగా తిరగొచ్చు, కొన్ని ప్యాకెట్ హెన్నాల్లో లోహపు లవణాలు ఉంటే పెరాక్సైడ్ తగిలి వేడెక్కుతుంది కూడా. వచ్చిన బేరం వదులుకునే సెలూన్ నేనైతే ఎక్కడా చూళ్ళేదు.

ఇక స్టార్ సంగతి. ఫోన్‌లో ఒక రేటు చెప్పి, బిల్లులో ఒత్తు జుట్టని ఎక్స్‌ట్రా ప్రొడక్ట్ చార్జ్ కలిపారు. పట్టేది ఎక్కువే, కాదనను, కానీ జుట్టు పట్టుకుని చూసినప్పుడే ఆ ముక్క చెప్పొచ్చుగా? వెళ్ళేవాళ్ళు టెస్ట్ అవ్వగానే ఫైనల్ రేటు కాగితం మీద రాయించుకోండి.