పెద్ద స్టెప్నీ ఎక్కడ పెట్టాలి? మా జిప్సీ వెనక ఇనుప చెయ్యితో ఐదేళ్ళు

మా మారుతి జిప్సీ వెనక బంపరు మూలన ఒక ఇనుప చెయ్యి ఉంది. ఇంటి గేటులా పక్కకి తెరుచుకుంటుంది, స్టెప్నీ దాని మీద కూర్చుంటుంది. పెట్టించి ఐదేళ్ళయింది. ఈ ఐదేళ్ళలో ఆ బండిలో నేను తిట్టని భాగం లేదు గానీ, ఆ చెయ్యిని మాత్రం ఒక్క రాత్రి తప్ప ఏమీ అనలేదు.

బండి గురించి కొత్తగా చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. 2019లో, సరిగ్గా కంపెనీ జనానికి అమ్మడం మానేసిన ఏడాది, గుడ్డ టాపుది సెకండ్‌హ్యాండులో కొన్నాను. మా రొయ్యల చెరువులు భీమవరం వైపు కాళ్ళ అనే ఊరి దగ్గర. వానాకాలం గట్టు మీద బంకమట్టి ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది నెలకి రెండుసార్లు ట్రాక్టరుతో లాగించుకున్నాక, కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 వేయించాను. లెక్క వేస్తే చక్రం ఎత్తు 668 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరిగింది. అంటే ఇరుసు నేల నుంచి ఇంకో 32 మిల్లీమీటర్లు లేచింది. ట్రాక్టరు వాడికి ఫోను చెయ్యడం తగ్గింది. మీటరు 60 చూపిస్తే బండి నిజానికి 66 మీద వెళుతుంది, అది వేరే సంగతి.

నాలుగు చక్రాలకీ ఆలోచించాను గానీ ఐదో చక్రం గురించి ఆలోచించలేదు.

పాత చిన్న స్టెప్నీయే ఉంచుకోవచ్చు కదా అంటారు. ఉంచుకున్నాను. ఒకసారి ఉండి దగ్గర పంచరైతే వెనక అదే వేసి భీమవరం దాకా వచ్చాను. బండి ఒక పక్కకి ఒరిగి, కాలు విరిగిన గేదెలా నడిచింది. తారు రోడ్డు మీద పది కిలోమీటర్లయితే సరే. గట్టెక్కాక ఫోర్ వీల్ (నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే గేరు) వెయ్యకుండా కుదరదు, ఒక్కో చక్రం ఒక్కో సైజుతో ఫోర్ వీల్ వేస్తే గేర్ల మీద పడే ఒత్తిడికి బిల్లు మనమే కట్టుకోవాలి. కాబట్టి ఐదోది కూడా పెద్దదే కొన్నాను.

దాన్ని పాతదున్న చోటే, వెనక తలుపు మీద బిగించాం. తప్పు బండిది కాదు, నాది. ఆ తలుపు దాని చక్రానికి తగ్గట్టు చేసిన తలుపు. రొయ్యలు తూచే కాటా మీద పెట్టి చూస్తే పాత చక్రం 19 కిలోలు, కొత్తది 26. బరువొక్కటే అయితే ఓర్చుకునేదేమో. పెద్ద చక్రం అడుగున బంపరుకి తగులుతోందని మెకానిక్కు మధ్యలో రెండంగుళాల దిమ్మలు వేసి బయటికి జరిపాడు. బరువు ఎంత బయటికి జరిగితే కీళ్ళ మీద గుంజుడు అంత పెరుగుతుంది. నాలుగు నెలలు తిరిగేసరికి బోల్టుల చుట్టూ రేకు చిట్లింది. తలుపు కిందికి జారి, మూయాలంటే మోకాలితో పైకెత్తి నెట్టాల్సి వచ్చేది. గతుకుల్లో వెనక నుంచి వచ్చే చప్పుడుకి మా ఆవిడ ఆ బండెక్కడం మానేసింది.

తర్వాత మిగతా చోట్లన్నీ వెతికాను. కింద పెట్టాలంటే వెనక ఇరుసు అవతల పెట్రోలు ట్యాంకుంది. మా వియ్యంకుడి పికప్పుకి కిందే గొలుసుతో వేలాడుతుంది, ఆయన సఖినేటిపల్లి వైపు వెళ్ళేటప్పుడు పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కిన ప్రతిసారీ చెక్కలకి రాసుకునేది. ఉప్పునీళ్ళకి గొలుసు మర తుప్పు పట్టి బిగిసిపోతే చివరికి గ్యాసుతో కోయించాడు. ఇప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళుతున్నాడు. గుడ్డ టాపు మీద ఏం పెడతాం, పైన వద్దు. లాండ్‌రోవర్లకి బానెట్టు మీద పెట్టేవాళ్ళు, మా గట్ల మీద ముందు చక్రం ఎక్కడుందో కనపడకపోతే బండితో పాటు మనమూ చెరువులోనే. పాత జీపుల్లా పక్కన తగిలిద్దామంటే ఆ పక్క తుమ్మకొమ్మలు, ఈ పక్క ఎదురొచ్చే ట్రాక్టర్లు.

మా బావమరిది అసలు స్టెప్నీయే వద్దన్నాడు. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంచరు కిట్టు ఉన్న కొత్త కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు, ఆయన కారుకి లేదు కూడా. ఆయన తిరిగేది రాజమండ్రి రోడ్ల మీద. స్టెప్నీ అన్న మాట వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్ళోని స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడే ఆ అదనపు చక్రం తయారైంది, అప్పటి కార్లకి స్టెప్నీ అంటూ ఉండేదే కాదు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత నా బండికి స్టెప్నీ ఉంది, చోటే లేదు.

చివరికి పాలకొల్లు దారిలో ఒక వెల్డింగు మేస్త్రి దొరికాడు. బంపరు రేకుకి కాకుండా రెండు ఛాసిస్ కొసలకీ మందపాటి ఛానెలు బిగించి, ఎడమ మూలన పాత ట్రాలీ హబ్బు నిలబెట్టాడు, బేరింగులతో సహా. దాని మీద చెయ్యి. కుడి కొసన బిగింపు, దానికో పిన్ను. ఊగకుండా ఆనడానికి లారీ టైరు ముక్క. నంబరు ప్లేటు చక్రం వెనక దాక్కుందని ఒకసారి చలానా కట్టాక, ప్లేటూ లైటూ చెయ్యి మీదికే మార్పించాను. వెల్డింగు వేయించి అతికించిన పాత తలుపు ఇప్పుడు ఒంటివేలితో మూసుకుంటుంది. చప్పుడు లేదు. మా ఆవిడ మళ్ళీ బండెక్కింది. అప్పట్లో చెరువు మీదికి వచ్చిన ప్రతివాడికీ దాన్ని తెరిచి, మూసి చూపించేవాణ్ణి.

ఇక ఆ రాత్రి. అక్టోబరు, వాయుగుండం. రెండింటికి కరెంటు పోయింది, జనరేటర్లో డీజిలు అడుగంటింది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి ఏమవుతుందో వనామీ రొయ్య వేసినవాడికి తెలుసు. రెండు డబ్బాల డీజిలుతో గట్టెక్కాను. తూము దగ్గర పగిలిన సిమెంటు గొట్టం అంచు ఎడమ వెనక టైరు పక్కగోడని జానెడు కోసేసింది. పక్కగోడ తెగితే పంచరు కిట్టు దేనికీ పనికిరాదు. డబ్బాలు ఇద్దరు కుర్రాళ్ళకెత్తి పంపించి, ఏరేటర్లు తిరిగిన చప్పుడు వినపడ్డాక గానీ బండి వైపు చూడలేదు.

గట్టు వెడల్పు బండంతే. బండి ఎడమకి, అంటే చెరువు వైపుకి ఒరిగి ఉంది. వెనక ఇనుప చెయ్యి తెరుచుకునేదీ ఎడమకే. పిన్ను తీశానో లేదో, 26 కిలోల చక్రంతో అది నన్ను పక్కకి తోసేసి విసురుగా వెళ్ళి నీళ్ళ మీద ఆగింది. పొడి నేల మీద వంద సార్లు తెరిచాను, ఒరిగిన చోట ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఇప్పుడు నట్లు విప్పాలంటే గట్టు వాలులో, జారే మట్టిలో నిలబడాలి. రెండు నట్లు వచ్చాయి. మూడోది వస్తుండగా కాలు జారింది. నేను తుమ్మమొక్క పట్టుకున్నాను, చక్రానికి పట్టుకోడానికి ఏమీ దొరకలేదు. దొర్లుకుంటూ పోయి బుడుంగుమంది.

వాన, చీకటి, ఐదడుగుల లోతు నీళ్ళు. పోయిందిలే అనుకుని వాలులోనే కూలబడ్డాను. ఈలోగా తిరిగొచ్చిన కుర్రాడు టార్చి వేశాడు.

"బాబుగారండీ, ములగలేదండి!"

"ఏంట్రా?"

"స్టెప్నీ అండి. ఆయ్, తేలుతుందండి."

నిజంగానే, నీళ్ళలో పడుకున్న గేదె వీపులా నల్లగా తేలుతోంది. తర్వాత లెక్క వేసుకుంటే ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. అంత టైరు మొత్తం మునిగితే దాదాపు అరవై లీటర్ల నీళ్ళు పక్కకి జరగాలి, బరువేమో 26 కిలోలు. కానీ ఆ చీకట్లో చూస్తే మహిమలాగే ఉంది. అయితే అప్పటికే ఏరేటర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు చెరువంతా గుండ్రంగా సాగుతున్నాయి. మా స్టెప్నీ కూడా వాటితో పాటే ప్రదక్షిణ మొదలుపెట్టింది. తిరిగే ఏరేటర్ల మధ్యకి మనిషిని దింపను కదా. మేత చల్లే తెప్ప తీసుకుని, గట్టు వారనే కాపు కాసి, రెండో చుట్టులో తాడు వేసి లాగాం. చక్రం బిగించేసరికి తెల్లారింది. దాని మీద రెండు రొయ్యలు కూడా ఎక్కి వచ్చాయి.

అప్పట్నుంచి నా పొగడ్త కాస్త తగ్గింది. చెయ్యి ఎంత తెరిస్తే అంత దగ్గర ఆగేలా ఇంకో పిన్ను వేయించాను, అది మేస్త్రి మొదటే వెయ్యాల్సింది, నేను అడగాల్సింది. వెనక నుంచి ఒక్క మేత బస్తా తియ్యాలన్నా ముందు చెయ్యి, తర్వాత తలుపు తియ్యాలి, జాకీ కూడా తలుపు లోపలే ఉండేది. ఇప్పుడు జాకీ, వీల్ పానా నా సీటు కిందికి చేరాయి. ఉప్పుగాలికి బేరింగులో నెలకోసారి గ్రీజు పెట్టకపోతే గేటు కిర్రుమన్నట్టు ఏడుస్తుంది. బండి వెనక్కి అడుగు పొడుగు పెరిగింది, రివర్సులో మా ప్రహరీ గోడకి ఆ సంగతి తెలుసు. పైగా జూలై నుంచి అక్టోబరు దాకా గట్ల మీద తిరిగే రోజుల్లో స్టెప్నీని చెయ్యి మీంచి తీసి, పక్క సీటు వెనక నిలబెట్టి బెల్టుతో కడుతున్నాను. రెండు మేత బస్తాల చోటు పోతుంది. నేను వెనక సీట్లు ఎప్పుడో తీసేశాను కాబట్టి కుదిరింది, పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళకి కుదరదు.

రోడ్ల మీద తిరిగేవాళ్ళయితే టైర్లు మార్చకండి, తలుపు మీద దాని చక్రం దానికి చాలు. టైర్లు మార్చితీరాలి, చెరువుల మీదే తిరుగుడు అంటే ఈ చెయ్యి పెట్టించుకోవచ్చు, నాకైతే ఇంతకంటే మంచిది దొరకలేదు. మొన్న ఆకివీడు నుంచి ఒకాయన వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళాడు. ఆయన చెరువు కుడివైపు ఉంటుందట. కీలు కుడివైపు పెట్టించుకోవద్దని రెండుసార్లు చెప్పి పంపించాను.