రామేశ్వరం వెళ్లొచ్చాం, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు నా మాట

నల్గొండ నుంచి చెన్నై, అక్కడి నుంచి రాత్రి రైలు. తెల్లారేసరికి పాంబన్ కొత్త వంతెన మీద ఉన్నాం, రెండు వైపులా సముద్రమే, మా అమ్మ కిటికీ దగ్గర దండం పెట్టుకుని అలాగే కూర్చుంది.

ముందు అగ్నితీర్థంలో, అంటే గుడి ఎదురుగా ఉన్న సముద్రంలో మునిగి, తర్వాత గుడిలోని 22 తీర్థాలకు వెళ్లాలి. బావి బావికీ మనుషులు బకెట్లతో తోడి తల మీద పోస్తారు, ఒక్కో నీటి రుచి ఒక్కోలా ఉంది, ఇది మాత్రం నిజంగా ఆశ్చర్యం. నేల తడిసి జారుతుంది కాబట్టి పెద్దవాళ్ల చెయ్యి వదలకండి. తడిబట్టలతో దర్శనానికి పంపరు, పొడిబట్టలు వెంట ఉంచుకోండి. బయట ఒకతను దగ్గరుండి తిప్పుతానని మాట్లాడుకున్న దానికి రెట్టింపు అడిగాడు, నాకు చాలా బాధేసింది, ముందే రేటు ఖాయం చేసుకోండి.

మూడో ప్రాకారంలో 1212 స్తంభాలట. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభం నీడ చూస్తూ పెరిగినదాన్ని, అయినా ఆ మంటపంలో నా కాళ్లు ఆగిపోయాయి. సీతమ్మ ఇసుకతో చేసిన లింగమే ఇక్కడి రామనాథస్వామి అని చెప్తారు, అయినా ముందు పూజ హనుమంతుడు తెచ్చిన విశ్వలింగానికే.

సాయంత్రం ధనుష్కోటి. 1964 తుఫానులో పోయిన ఊరు, చర్చి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. జనం తక్కువున్న చోట ఇసుకలో గంటసేపు ఎవరం మాట్లాడలేదు. అలలు లాగేస్తాయి, నీళ్లలోకి దిగకండి. రెండు రోజులు పెట్టుకోండి, ఒక్కరోజు సరిపోదు.