నడుముకు పిస్టల్, ముందు రాష్ట్ర సరిహద్దు: ఏ చట్టం మేలు?

అమెరికాలో, వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో కారెక్కి, ఎడిసన్‌లో ఉన్న చుట్టాలింటికి ఐ-95 హైవే పట్టుకుని వెళ్తే మేరీలాండ్, డెలావేర్ దాటి న్యూజెర్సీలో దిగుతారు. చొక్కా కింద పిస్టల్, జేబులో దాన్ని దాచి తిరగడానికి వర్జీనియా ఇచ్చిన పర్మిట్ ఉన్నాయనుకోండి. మేరీలాండ్‌లోకి రాగానే ఆ పర్మిట్ చిత్తుకాగితమే. న్యూజెర్సీలో అయితే లైసెన్స్ లేకుండా పిస్టల్ పట్టుకుతిరగడం ఐదు నుంచి పదేళ్ల శిక్ష పడగల నేరం. డ్రైవింగ్ లైసెన్స్ ఏ రాష్ట్రానిదైనా అన్నిచోట్లా నడుస్తున్నప్పుడు దీనికేం వచ్చిందని అడిగేవాళ్ల బిల్లే హెచ్.ఆర్. 38. ప్రతినిధుల సభలో నార్త్ కరోలినా సభ్యుడు రిచర్డ్ హడ్సన్ 2025 జనవరిలో దీన్ని మళ్లీ ప్రవేశపెట్టారు.

ముందు, ఇప్పుడున్న పద్ధతి ఎలా నడుస్తోందో చూద్దాం. ఎవరి పర్మిట్‌ను ఒప్పుకోవాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. ఒప్పుకోని రాష్ట్రం మీదుగా వెళ్లేవాళ్లకు ఉన్న అండ 1986 నాటి కేంద్ర చట్టం ఒక్కటే. దాని షరతులు ఇవి: పిస్టల్‌లో తూటా ఉండకూడదు. పిస్టల్ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు. అంటే ట్రంక్‌లో పెట్టాలి. ఎస్‌యూవీలాగా వెనక భాగం విడిగా లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్స్‌కి, మధ్యనున్న కన్సోల్‌కి తాళం ఉన్నా అవి లెక్కలోకి రావు. చాలామంది పొరబడేది ఇక్కడే.

అంతకన్నా పెద్ద మెలిక ఇంకొకటి ఉంది. బయల్దేరిన చోటా, చేరే చోటా పిస్టల్ ఉంచుకుని తిరగడం మీకు చట్టబద్ధమై ఉండాలి. కాబట్టి వర్జీనియా నుంచి న్యూ హాంప్‌షైర్ వెళ్తూ న్యూజెర్సీ మీదుగా సాగిపోతే ఈ చట్టం కాపాడుతుంది. గమ్యమే ఎడిసన్ అయితే కాపాడదు. దారిలో ఆగినా చిక్కే. 2005లో యూటా ప్రయాణికుడొకరికి న్యూజెర్సీలోని నువార్క్‌లో తర్వాతి విమానం తప్పిపోయింది. పిస్టల్ ఉన్న పెట్టె తీసుకుని రాత్రి హోటల్లో పడుకున్నారు. పొద్దున్నే కౌంటర్ దగ్గర నిజాయితీగా పిస్టల్ ఉందని చెప్పారు, అరెస్టయ్యారు. తర్వాత కేసు ఎత్తేశారు కానీ, నష్టపరిహారం దావాలో అప్పీల్ కోర్టు 2010లో తేల్చింది ఏమిటంటే, ఆ రాత్రి పెట్టె ఆయన చేతికి అందుబాటులో ఉంది గనక చట్టం వర్తించదని. తప్పు చేయాలన్న ఆలోచనే లేని మనిషిని ఇలా జైల్లో పెట్టే ఏర్పాటును సమర్థించడం నావల్ల కాదు.

హెచ్.ఆర్. 38 ఈ ఉచ్చులన్నిటినీ ఒక్క వేటుతో తెంచుతుంది. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఉంటే చాలు, దాచి తిరగడాన్ని అనుమతించే ఏ రాష్ట్రంలోనైనా హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. తూటాలు నింపే మ్యాగజైన్ కూడా హ్యాండ్‌గన్ కిందికే వస్తుంది. అంటే గ్లాక్ 19 పిస్టల్‌తో వచ్చే 15 తూటాల మ్యాగజైన్, 10 దాటకూడదనే న్యూజెర్సీలోనూ చెల్లుతుంది. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీ తేకూడదన్న కేంద్ర చట్టం ఇప్పుడు ఆ బడి ఉన్న రాష్ట్రం పర్మిట్‌కే మినహాయింపు ఇస్తోంది. ఈ బిల్లు ఆ ముడినీ విప్పుతుంది. ప్రైవేటు స్థలాల యజమానులు, ప్రభుత్వ కార్యాలయాలు వద్దనే హక్కు మాత్రం అలాగే ఉంటుంది.

నా అభ్యంతరం బిల్లులోని ఒక్క వాక్యం మీద. సొంత రాష్ట్రంలో పర్మిట్ లేకుండానే తిరగొచ్చు అనుకుంటే, ఆ మనిషి బయటి రాష్ట్రంలోనూ పర్మిట్ లేకుండా తిరగొచ్చట. అలాంటి రాష్ట్రాలు ఇప్పుడు 29 ఉన్నాయి. అర్ధరాత్రి న్యూజెర్సీ టర్న్‌పైక్ (టోల్ రహదారి) మీద కారు ఆపిన పోలీసు కోణంలో చూడండి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ చూపించిన మనిషి పిస్టల్ పెట్టుకోవడానికి అర్హుడో కాదో చెప్పే కాగితం లేదు. పర్మిట్లన్నిటినీ ఒకచోట చూపే దేశవ్యాప్త జాబితా కూడా లేదు. పైగా అరెస్టు తప్పని తేలితే దావా తప్పదు. ఇక శిక్షణ సంగతి. న్యూయార్క్ తన పౌరుడికి 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల సాధన పెడుతుంది. పెన్సిల్వేనియా ఏ శిక్షణా అడగదు. ఈ రెండూ సమానమని న్యూయార్క్ వాళ్లకి చెప్పడం న్యాయం కాదు.

అందుకే మూడో దారి మేలంటాను: పరస్పర గుర్తింపు ఉండాలి, కానీ పర్మిట్ ఉన్నవాళ్లకే. దానికి దేశమంతటా ఒకే కనీస శిక్షణ, గురి పరీక్ష, రోడ్డు మీదే సరిచూసుకునే జాబితా కావాలి. పర్మిట్ అక్కర్లేదన్న రాష్ట్రాలు కూడా కావాలన్నవాళ్లకు దాదాపు అన్నీ ఇస్తూనే ఉన్నాయి, కాబట్టి ప్రయాణం చేసేవాళ్లు తెచ్చుకోవడం కష్టం కాదు. తుపాకీ పర్మిట్లపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2022 నాటి బ్రూయెన్ తీర్పు కూడా నేపథ్య తనిఖీ, భద్రతా శిక్షణ అడిగే పర్మిట్లను తప్పుపట్టలేదు. వాషింగ్టన్ పెట్టిన కనీస ప్రమాణం రేపు కొండెక్కి కూర్చుంటుందని తుపాకీ హక్కులవాళ్లు భయపడతారు. ఆ భయంలో అర్థం ఉంది. గంటల సంఖ్యను చట్టంలోనే రాసేస్తే ఆ తలుపు చాలావరకు మూసుకుంటుంది.

ఓట్ల లెక్క కూడా ఇటే చూపిస్తోంది. ఇదే పేరున్న బిల్లు 2017లో ప్రతినిధుల సభలో 231-198తో గెలిచి సెనేట్‌లో ఆగిపోయింది. అంతకుముందు 2013లో సెనేట్‌లో ఇలాంటి సవరణకు 57 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. మధ్యలో ఉన్న ఆ కొద్దిమందిని కదిలించాలంటే శిక్షణ షరతు తప్ప మరో మార్గం నాకు కనిపించడం లేదు.

మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ తమ దగ్గర ఉంచుకోవడమే కేంద్ర చట్టం కింద నేరం. ఈ బిల్లు వచ్చినా అది మారదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, కానీ తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. బిల్లు చట్టమయ్యేదాకా ఎడిసన్ వెళ్లేటప్పుడు పిస్టల్‌ను యాష్‌బర్న్‌లోనే, ఇంట్లో సేఫ్‌లో పెట్టి తాళం వేసి వెళ్లండి.