కీమో నడుస్తుండగా ఇంటికొచ్చే పాలియేటివ్ టీం: పరకాల వైపు మా అనుభవం

నొప్పి, నీరసం, దిగులు లాంటి బాధలు తగ్గించే పాలియేటివ్ వైద్యం ఇంటికొచ్చి చేసే ఈ టీంకు ఐదుకు నాలుగున్నర స్టార్లు ఇస్తాను. ఇంట్లో క్యాన్సర్ మనిషి ఉండి, కీమో నడుస్తూ, రాత్రుళ్లు నొప్పితో ఇల్లంతా మేలుకుని ఉండే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి సేవ ఒకటి ఉందని సగం ట్రీట్‌మెంట్ అయ్యేదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

మా బాపుకు ఊపిరితిత్తుల క్యాన్సర్, వెన్నెముకకు పాకింది. కీమో హైదరాబాద్‌లో, మిగతా రోజులన్నీ ఊళ్లోనే. అక్కడి డాక్టర్లు గడ్డ సంగతి చూస్తారు, స్కాన్ చూస్తారు, రక్తం చూస్తారు. ఇంటికొచ్చాక నొప్పి, మంచం దిగలేనంత నీరసం, ఎవరితో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం, ఇవన్నీ ఇంట్లోవాళ్ల మీదే పడతాయి. పాలియేటివ్ అంటే ఇక ఆశ లేనివాళ్లకేనని మా చుట్టాలు భయపడ్డారు, అది నిజం కాదు, ట్రీట్‌మెంట్‌తో పాటే నడిచే వైద్యం ఇది. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్ల మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి నుంచే ఈ సేవ అందినవాళ్లలో డిప్రెషన్ తక్కువగా ఉంది, మిగతావాళ్ల కంటే రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా.

టీంలో ఒక డాక్టరమ్మ, ఒక నర్సు, అప్పుడప్పుడు ఫిజియోథెరపీ అతను. పైసా తీసుకోలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది, నొప్పి, నీరసం, దిగులు మూడింటినీ కలిపి "క్యాన్సర్ కదా, ఉంటుంది" అని వదిలేయకుండా, దేనికది విడదీసి అడగడం.

నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అంటే బాపు "ఉన్నది బిడ్డా" అంటాడు కానీ అంకె చెప్పడు. నర్సు ఊరుకోలేదు, "రూపాయిలో ఎన్నణాలు బాపూ?" అని అడిగింది. పన్నెండణాలని వెంటనే చెప్పాడు. అప్పటి నుంచి మా నోట్‌బుక్‌లో నొప్పి అణాల్లోనే ఉంది, టైమూ ఎదురుగా రాస్తాం. ఆ నోట్‌బుక్ చూసే డాక్టరమ్మ డోసు మార్చేది. అంతకుముందు ఒక ప్రైవేటు క్లినిక్‌లో గట్టి నొప్పికి ఇచ్చే మందు మార్ఫిన్ అడిగితే "అది చివర్లో ఇచ్చేది, ఇప్పుడే అలవాటు చేయొద్దు" అని పంపించారు. మార్ఫిన్‌ను ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది నొప్పి ఎంత ఉందన్నదే, మనిషికి ఇంకా ఎన్ని రోజులున్నాయన్నది కాదని ఈ డాక్టరమ్మ ఓపిగ్గా మా అమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. డాక్టర్ రాసినట్టు నొప్పికి వేసుకుంటే వ్యసనంగా మారడం అరుదు. నొప్పి వచ్చాక వేసుకునేది కాదు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వేసుకునేది, మధ్యలో నొప్పి లేస్తే ఏం చేయాలో విడిగా రాసిచ్చారు. మొదటి రోజుల్లో మత్తుగా ఉంటుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, అది తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే మొదటి మాత్రతోనే విరేచనం సాఫీగా అయ్యే మందూ మొదలుపెట్టించారు. ఇది మీ డాక్టర్ మర్చిపోతే మీరే అడగండి, ఎందుకంటే ఆ బాధకే చాలామంది మార్ఫిన్ మానేస్తారు. మాత్రలు మామూలు మెడికల్ షాపులో దొరకవు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవడం సులువైంది, అక్కడి నుంచే తెచ్చుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసి పెట్టాలి.

ఎముక నొప్పికి ఒకే సిట్టింగ్ రేడియేషన్ కూడా పనిచేస్తుందని వాళ్లే ఉత్తరం రాసిచ్చారు. కాజీపేటలో రైలెక్కి వెళ్లి చేయించుకొచ్చాం, కొన్ని వారాల్లో పన్నెండణాలు నాలుగణాలకు దిగింది. ఇంకొకటి గట్టిగా చెప్పి వెళ్లారు: వెన్నెముకకు పాకినవాళ్లకు కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా మర్నాటిదాకా ఆగకూడదు, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

నీరసానికి రక్త పరీక్ష రాశారు, హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంది, దానికి వైద్యం జరిగింది. అయినా కీమో నీరసం పడుకుంటే పోయేది కాదు. ఏ టైంలో కొంచెం ఓపిక ఉంటుందని అడిగారు. పొద్దున పది లోపే. అయితే ఆ ఓపిక స్నానానికి ఖర్చుపెట్టొద్దు, స్నానం సాయంత్రం చేయించండి, పొద్దున ఆయనకు ఇష్టమైన పని చేయనివ్వండి అన్నారు. ఇప్పుడు బాపు పొద్దున మెల్లగా నడిచి మిర్చి చేను గట్టు దాకా వెళ్లొస్తాడు, పక్కన ఎవరో ఒకరం ఉంటాం, వచ్చి ఏనుమాముల మార్కెట్ రేటు ఎంతుందని అడుగుతాడు. ఎంత నడవాలో, ఎలా లేవాలో ఫిజియో అతను చూసి చెప్పాకే మొదలుపెట్టాం, వెన్ను సంగతి కాబట్టి మీరూ అలాగే చేయండి.

దిగులు సంగతి మేము అసలు చెప్పలేదు, వాళ్లే పట్టుకున్నారు. తిండి తగ్గడం, నిద్ర లేకపోవడం రోగం వల్లా రావచ్చు, అందుకే డాక్టరమ్మ వాటిని పక్కన పెట్టి, ఇదివరకు ఇష్టంగా చేసినవాటి మీద మనసు పోతోందా, మీరు ఇంటికి బరువని అనిపిస్తోందా అని అడిగింది. బాపు "నా మీద పైసలన్నీ ఎందుకు పోస్తున్నరు" అని మొదటిసారి నోరు తెరిచాడు. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని కూడా సూటిగానే అడిగింది. మా అమ్మ కంగారు పడితే, అలా అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదమ్మా, లోపలున్నది బయటికొస్తుంది అని చెప్పింది. నిద్రకూ ఆకలికీ కూడా పనికొచ్చే మందు రాసింది. వెంటనే ఫలితం చూడొద్దు, కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు అని చెప్పింది. ఆరోగ్యశ్రీలో ఎంత అయింది, చేతి నుంచి ఎంత అయింది అని నేను బాపు ముందే లెక్క చూపించాను, దానితో అప్పు భయం కొంత తగ్గింది. ఇంట్లోవాళ్లకు దిగులున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చని చెప్పారు. ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. మా అమ్మ చేసింది.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, రాత్రిపూట రారు, ఏ రోజు వస్తారో ఆ పొద్దునే తెలుస్తుంది, టీంలో సైకాలజిస్ట్ లేరు. ఒకే బండి చాలా మండలాలు తిరుగుతుంది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేను, కానీ బండ్లు పెంచాలి. అప్పుడే నొప్పి లేచిన రాత్రి ఇల్లు ఒంటరిగా ఉండదు.

తెలంగాణలో ప్రభుత్వం ఆలన పేరుతో ఇలాంటి ఇంటి సేవ నడుపుతోంది. మీ ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో, లేకుంటే జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగాన్నో అడగండి, కీమో మొదలైన వారమే అడగండి. డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల అట్టలు ఒక సంచిలో పెట్టుకోండి, మొదటిసారి వచ్చినప్పుడు అవే చూస్తారు.