లోను లెటర్ చూసుకుని 8 లక్షల బయానా ఇచ్చాం, మీరు ఇవ్వకండి

బెంగళూరులో ఫ్లాట్ చూస్తున్న మన తెలుగువాళ్లు సంతకం పెట్టే ముందు ఇది చదవండి.

మారతహళ్ళి దగ్గర రీసేల్ ఫ్లాట్, ధర 78 లక్షలు. మా జీతాలు చూసి లోను ఇస్తామని బ్యాంకు ముందే లెటర్ ఇచ్చింది. ఆ ధైర్యంతో 8 లక్షలు బయానా కట్టి, బ్రోకరు టైపు చేయించి తెచ్చిన అగ్రిమెంటు మీద సంతకాలు చేశాం. 45 రోజుల్లో మిగతా డబ్బు కట్టకపోతే బయానా పోయినట్టే అని అందులో ఉంది. లోను రాకపోతే ఎలా అన్నది ఎక్కడా లేదు. మా ఆవిడ అడిగింది కూడా. "లెటర్ చేతిలో ఉంది కదమ్మా, టెన్షన్ ఎందుకు" అన్నాడు బ్రోకరు.

నెల తిరగకముందే బ్యాంకు లాయరు పిలిచారు. బిల్డింగుకు అనుమతి ఇచ్చిన ప్లాను బల్ల మీద పరిచి, అంతస్తులు వేలితో లెక్కపెట్టారు. గ్రౌండు, ఒకటి, రెండు, మూడు. అక్కడితో ప్లాను అయిపోయింది. మేం కొంటున్నది నాలుగో అంతస్తు! లోను ఇచ్చేది లేదన్నారు. అప్పుడు లెటర్ మళ్లీ తీసి చూస్తే, ఆస్తి పత్రాల పరిశీలన తర్వాతే మంజూరు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఓనరు మాత్రం "లోను మీ సమస్య" అన్నాడు. నాలుగు నెలలు తిరిగితే 3 లక్షలు ఇచ్చాడు. మిగతా 5 లక్షల కోసం నోటీసు పంపాం. కొనేవాడు తప్పితే బయానా ఉంచేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పులున్నాయట. ఇక్కడ తప్పు పత్రాలదే, మాది కాదు. కానీ అది కోర్టులో నిరూపించుకోవాల్సింది మేమే. కేసు వేస్తే బయానా వాపసు కూడా విడిగా అడగాలని, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం అడగకపోతే కోర్టు ఇప్పించదని మా లాయరు చెప్పారు.

అగ్రిమెంటులో ఇలా రాయించండి: "పత్రాల లోపం వల్ల గానీ, బ్యాంకు కట్టిన విలువ తగ్గడం వల్ల గానీ ఇంత మొత్తం లోను రాకపోతే, బ్యాంకు తిరస్కరణ లెటర్ చూపిన 15 రోజుల్లో బయానా మొత్తం తిరిగి ఇవ్వాలి." ఎంత లోను అన్నది అంకెల్లో ఉండాలి. 30 నుంచి 75 లక్షల లోనుకు ఆస్తి విలువలో 80 శాతం దాటకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. విలువ తక్కువ కడితే లోనూ తగ్గుతుంది, ఆ తేడా మన జేబులోంచే.

ఓనరు ఇందుకు ఒప్పుకోకపోతే చిన్న టోకెన్‌తో ఆగండి. ఖాతా (ఆస్తి పన్ను రికార్డు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ప్లాను, ఓసీ (బిల్డింగులో నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం) జిరాక్సులు బ్యాంకు లాయరు చూసి సరేనన్నాకే బయానా ఇవ్వండి.