రక్తనాళాల వైకల్యాల క్లినిక్: మా అమ్మాయి చికిత్సపై సమీక్ష

మా అమ్మాయికి ఎడమ చెంప, నాలుక, మెడ పక్క భాగం కలుపుకొని పుట్టుకతోనే పెద్ద సిరల వైకల్యం (సిరలు సరిగ్గా ఏర్పడక సంచుల్లా ఉబ్బి ఉండటం) ఉంది. బూట్ల తాడు కట్టుకోవడానికి వంగితే చాలు, చెంప నీలంగా ఉబ్బేది. వేలితో తడిమితే లోపల గింజల్లాంటి గట్టి రాళ్లు తగిలేవి. నిలిచిపోయిన రక్తం గడ్డకట్టి, దానిలో కాల్షియం పేరుకుని అవి ఏర్పడతాయట.

మొదట చూపించిన చోట దీన్ని హెమాంజియోమా అని రాసి, ఏడాది పాటు ప్రొప్రనొలాల్ తాగించారు. హెమాంజియోమా పసితనంలో వేగంగా పెరిగి ఆపైన తగ్గుముఖం పట్టే కణితి. వైకల్యం బిడ్డతో పాటే పెరుగుతుంది, ఆ మందుకు లొంగదు. ఈ రెండింటి తేడాను 1982లోనే వర్గీకరించి చెప్పారని తెలిశాక, పోయిన ఆ ఏడాదిని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈ క్లినిక్‌లో ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (స్కాన్‌లో చూస్తూ సూదితో చికిత్స చేసే డాక్టరు), ఈఎన్‌టీ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, మత్తు డాక్టరు, రక్తవ్యాధుల నిపుణురాలు ఒకే గదిలో కూర్చుని పాపను పరీక్షించారు. డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్) ప్రవాహం నెమ్మదిగా ఉందని, ధమనులతో నేరుగా కలిసిన నాళాలు లేవని నిర్ధారించుకున్నాక, వైకల్యం గొంతు లోపలికి ఎంతవరకు పాకిందో ఎమ్మారైలో మాకు వేలు పెట్టి చూపించారు. "పూర్తిగా పోగొడతామని మాట ఇవ్వలేమండీ. ముందు ఊపిరి, మింగడం, మాట కాపాడుకుందాం" అని సర్జన్ గారు చెప్పిన తీరుకే నా మొదటి మార్కు.

రక్తం గడ్డకట్టే తీరును చెప్పే పరీక్షల్లో డి-డైమర్ ఎక్కువగా, ఫైబ్రినోజెన్ తక్కువగా ఉండటంతో ముందుగా కొన్ని రోజులు రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత స్క్లెరోథెరపీ (ఉబ్బిన సిరల్లోకి మందు ఎక్కించి అవి కుంచించుకుపోయేలా చేయడం) మొదలుపెట్టారు. మిగతా మందుల కంటే వాపు తక్కువని నాలుకకు బ్లియోమైసిన్ ఎంచుకున్నారు. అది ఊపిరితిత్తులకు హాని చేయగలదు గనుక ప్రతిసారీ ఇచ్చిన మోతాదును మొత్తం లెక్కలో కలిపి రాసేవారు. ఈ మందు ఇచ్చినప్పుడు ప్లాస్టర్ ఊడదీసిన చోట చర్మంపై నల్లమచ్చలు నిలిచిపోతాయని, నర్సమ్మ సూదిని సైతం జిగురు పట్టీతో అంటించకుండా మెత్తటి గుడ్డ చుట్టి కట్టింది. అంత శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. నాలుక వాచి ఊపిరి అడ్డుపడుతుందేమోనని ఆ రాత్రంతా శ్వాసగొట్టం తీయకుండా ఐసీయూలోనే ఉంచారు.

లోపం కూడా చెప్పాలి. వాపు ఎన్నాళ్లుంటుందో, ఎంత పెరిగితే పరుగెత్తుకురావాలో డిశ్చార్జి కాగితంలో లేదు. ఇంటికొచ్చిన మూడో రాత్రి చెంప బిగిసిపోతే, ఇచ్చిన నంబరుకు నాలుగుసార్లు చేస్తే గానీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్క కాగితం సరిగ్గా రాస్తే ఎందరో తల్లిదండ్రులకు ఆ భయం తప్పుతుంది.

మూడు విడతలయ్యాయి. పాప ఇప్పుడు ఎడమ పక్క కూడా నమలగలుగుతోంది, వంగినప్పుడు వాపు సగానికి తగ్గింది. చెవి కింద నీలం మాత్రం అలాగే ఉంది. దాని సంగతి వచ్చే ఎమ్మారై చూశాక నిర్ణయిస్తామన్నారు.