మ్యూపిరోసిన్ 2% ఆయింట్‌మెంట్: ముందు పుండు చూడండి, తర్వాత ట్యూబు మూత తీయండి

టి-బ్యాక్ట్ అనో, ఇంకో పేరుతోనో మందుల షాపుల్లో దొరికే చిన్న ట్యూబు ఇది. దోమ కుట్టినచోట గోక్కున్న గీత, షేవింగులో పడ్డ గాటు, చెప్పు కరిచిన పొక్కు... ఇలాంటిచోట్ల దూరే స్టాఫిలోకోకస్, స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియాల మీద బాగా పనిచేస్తుంది. అయితే అవి దూరినచోటే, చర్మం పైపొరలోనే ఉండాలి. లోపలికి దిగాక ట్యూబు మొత్తం పూసినా దండగే.

దీనికి సరిగ్గా సరిపోయే జబ్బు, పిల్లలకు ముక్కు కింద, మూతి చుట్టూ వచ్చే ఇంపెటిగో. నీటిపొక్కు చితికి, రసి కారి, తేనె రంగు పక్కు కడుతుంది. దురద ఉంటుంది, జ్వరం సాధారణంగా రాదు. చాలామంది ఆ పక్కు మీదే మందు రాసేస్తారు, అది కిందికి దిగదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు వేసి, పక్కు నానాక మెల్లగా తీసి, తడి అద్ది, పల్చగా రాయాలి. రోజుకు మూడుసార్లు, డాక్టరు చెప్పినన్ని రోజులు, మొత్తమ్మీద 10 రోజులకు మించకుండా. పైకి ఎండింది కదా అని రెండో రోజే ఆపితే తిరగబెడుతుంది. 3 నుంచి 5 రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, ఒంటిమీద పలుచోట్ల లేచినా నోటి మాత్రలు కావాలి.

గోరుచుట్టు, సెగగడ్డల దగ్గర ఈ మందుకు మార్కులు తక్కువే. చీము పట్టాక అది బయటికి పోవాల్సిందే, పైపూత సరిపోదు. ముక్కు, పైపెదవి దగ్గరి గడ్డని మాత్రం పిండకండి.

అసలు భయపడాల్సింది సెల్యులైటిస్‌కి, అంటే చర్మం లోపలి పొరల్లోకి దిగిన ఇన్ఫెక్షన్‌కి. వానాకాలం కాలివేళ్ల సందులు నాని చీలితే బ్యాక్టీరియా అక్కడ దూరుతుంది, నొప్పి మాత్రం పిక్కలో మొదలవుతుంది. చర్మం వేడిగా, బిగుతుగా, నిగనిగలాడుతూ వాస్తుంది. చామనఛాయ ఒంటిమీద ఎరుపు సరిగా తెలియదు, అందుకే అరచేతి వెనుకభాగం ఆనించి రెండో కాలితో పోల్చి చూడాలి. వాపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, కొన్ని గంటల తర్వాత చూడండి. గీత దాటినా, పైకి ఎర్రటి చార పాకినా, గజ్జల్లో బిళ్ల కట్టినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు గీత దాటేదాకా కూడా ఆగకూడదు. కనిపించే వాపుకి మించిన నొప్పి ఉంటే మరీ తొందరపడాలి.

ఇంకొకటుంది, నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ కింద, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు, దాంతోపాటు జ్వరం, తలనొప్పి. అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం, ఆ పక్కు మైట్ అనే సన్నటి పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) పిల్ల కుట్టినచోటు. దానికి సాధారణంగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఈ ఆయింట్‌మెంట్ రాసుకుంటూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. కారణం తెలియని జ్వరంలో ఒళ్లంతా వెతికి చూడటం అందుకే.

తామరకు ఇది పనికిరాదు, కంట్లో పెట్టకూడదు. ఇందులోని జిడ్డు పదార్థం మ్యాక్రోగాల్. పెద్ద పచ్చిపుండ్ల మీద, కాలినచోట పూస్తే ఒంట్లోకి ఎక్కుతుంది, కిడ్నీ జబ్బు ఉంటే ప్రమాదం.

కొనేటప్పుడు లేబుల్ మీద మందు పేరు ఒక్కటే ఉందో లేదో చూడండి. స్టెరాయిడ్ కలిసిన మ్యూపిరోసిన్ ట్యూబులూ అమ్ముతారు. అవి ఎరుపును అణిచి, లోపల ముదురుతున్న సంగతి కనబడనివ్వవు.